చిట్టినగర్‌లో ఒక మాజీ సైనికుడు

మిలటరీ అనగానే మనవాళ్ళు గోదావరి వైపు చెయ్యి చూపిస్తారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది కదా, జనం నోట అది మిలటరీ మాధవరమే. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరివాళ్ళు వెళ్ళారు. వాళ్ళ జ్ఞాపకానికి ఊళ్ళో స్మారకం కట్టుకున్నారు, తరాల తరబడి పిల్లల్ని పంపుతూనే ఉన్నారు. సెలవు మీద వచ్చిన కుర్రాడు అక్కడ తన ఉద్యోగం గురించి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కృష్ణా డెల్టాలో సంగతి వేరు. కాలవ కింద పొలం, వ్యాపారం, చదువు, ఆపైన అమెరికా. నేను పట్టాళంలో చేరతానన్నప్పుడు మా పెద్దనాన్న "తిండికి లేక పోతున్నావట్రా?" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. మూడు పంటలు పండే నేల మీద పుట్టినవాడికి తుపాకీ పని అర్థం కాకపోవడం సహజమే.

అయినా బెజవాడ చరిత్రలో మాజీ సైనికుల పేజీ ఎక్కడుందంటే నేను చిట్టినగర్ వైపు చూపిస్తాను. పింగళి వెంకయ్యగారు చివరి రోజులు గడిపింది అక్కడే. ఆయన గుడిసె వేసుకున్న స్థలం జాతీయ జెండా తయారుచేసినందుకు వచ్చింది కాదు, మిలటరీలో పనిచేసినందుకు ప్రభుత్వం ఇచ్చింది. ఆయన పేరు చెప్పి ఉపన్యాసాలిచ్చేవాళ్ళలో ఈ మాట ఎత్తేవాళ్ళు తక్కువ. మాలాంటివాళ్ళకు మాత్రం ముందు కనిపించేది ఆ స్థలమే.

వెంకయ్యగారు దివిసీమకు ఎగువన భట్లపెనుమర్రులో పుట్టి, బందరులో చదివి, కుర్రతనంలోనే సైన్యంలో చేరి దక్షిణాఫ్రికా వెళ్ళారు. అక్కడ జరిగింది బోయర్ యుద్ధం, 1899 నుంచి 1902 దాకా. తెల్లవాళ్ళ పోరులో నల్లవాళ్ళు తుపాకీ పట్టకూడదన్నది అప్పటి దొరల లెక్క. మన దేశం నుంచి వెళ్ళిన దేశీయులకు ఎక్కువగా బరువులు మోయడం, గుర్రాలను చూసుకోవడం, గాయపడ్డవాళ్ళను చేరవేయడం లాంటి పనులే ఇచ్చారు. సప్లై కోర్‌లో సర్వీసంతా గడిపిన నాకు ఆ పనుల విలువ తెలుసు. రేషన్ లారీ రానినాడు ఎంతటి వీరుడైనా దారి వైపే చూస్తాడు.

అదే యుద్ధంలో గాంధీగారు నేటాల్‌లో సుమారు 1,100 మంది భారతీయులతో అంబులెన్స్ దళం నడిపారు. 1900 జనవరిలో స్పియన్ కాప్ పోరులో ఆ దళం స్ట్రెచర్లు మోసింది. వెంకయ్యగారికి గాంధీతో పరిచయం అయింది దక్షిణాఫ్రికాలోనే. తర్వాత 1920 ఆగస్టులో గాంధీ ఆ యుద్ధ పతకాన్నీ, కైజర్-ఇ-హింద్ పతకాన్నీ వైస్రాయికి తిప్పి పంపేశారు. ఎనిమిది నెలలు తిరిగేసరికి, 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో కూడింది. బందరు రోడ్డులో ఇప్పుడు బాపు మ్యూజియం అంటున్న విక్టోరియా మ్యూజియం భవనంలో వెంకయ్యగారు జెండా నమూనా గాంధీ చేతికిచ్చారని ఊళ్ళో చెప్పుకుంటాం. మన పుస్తకాలు దీన్ని నాయకుడూ అనుచరుడూ కలిసిన ఘట్టంగా రాస్తాయి. ఒకే యుద్ధం చూసి వచ్చిన ఇద్దరు అక్కడ ఎదురుపడ్డారని నాకు అనిపిస్తుంది.

యూనిఫాం విప్పాక ఆయన చేసిన పనులు చూడండి. రైల్వే గార్డు, ప్లేగు ఇన్‌స్పెక్టరు, మునగాలలో పత్తి పరిశోధన, బందరు జాతీయ కళాశాలలో పాఠాలు, వజ్రాల వేట. పత్తి వెంకయ్య, జపాన్ వెంకయ్య, డైమండ్ వెంకయ్య అని పేర్లు పెట్టారు జనం. నిలకడ లేని మనిషి అనుకున్నవాళ్ళూ ఉండే ఉంటారు. నలభై ఏళ్ళకే పెన్షన్ కాగితం చేతికొచ్చి, పిల్లల చదువులు సగంలో ఉండగా బ్యాంకు గేటు దగ్గరో, అపార్ట్‌మెంట్ సెల్లారులోనో, కిరాణా కొట్టులోనో రెండో బతుకు మొదలుపెట్టే మా వాళ్ళెవరూ ఆ మాట అనరు.

1963 జనవరి 15న ఇంజనీరు కె.ఎల్. రావుగారూ ఊరి పెద్దలూ ఆయన్ని సత్కరించి కొంత నిధి అందించారు. కాకతాళీయమే కావచ్చు, అది సైనిక దినోత్సవం. జూలై 4న ఆయన పోయారు. తన దేహం మీద త్రివర్ణ పతాకం కప్పి, శ్మశానానికి చేరాక దాన్ని తీసి రావిచెట్టుకు కట్టమని కోరారట. జెండా రూపకర్త కోరికగా లోకం దాన్ని చెప్పుకుంటుంది. సిపాయి కోరిక కూడా అలాగే ఉంటుంది. ఆయన కొడుకు చలపతిరావు కూడా సైన్యంలో పనిచేసి చిన్న వయసులోనే పోయాడు.

సత్కారాలు సరే, బతికున్నవాళ్ళకు కాగితాలు కావాలి. ఇక్కడ నేను మెచ్చుకునే మనిషి ఒకాయన ఉన్నాడు, హవల్దార్ క్లర్కుగా రిటైరయ్యాడు. పేరు రాస్తే కోప్పడతాడు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో ఆయన వరండా మా వాళ్ళతో నిండిపోతుంది. వేలిముద్ర పడని ముసలాయన చెయ్యి తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ మెషీన్ మీద తనే పెడతాడు. అసలు తగువంతా పేర్ల దగ్గర. మనకు ఇంటిపేరు ముందు, మిలటరీ కాగితాల్లో వెనక. భర్తీ నాడు ఎవరో ఇంటిపేరునే అసలు పేరుగా రాస్తారు. పెళ్ళయ్యాక, సర్వీసు రికార్డులోకి వివరాలు ఎక్కించే పార్ట్-టూ ఆర్డర్‌లో భార్య పేరు 'లక్ష్మి' అని పడుతుంది. ఆధార్‌లో ఆమె వెంకట లక్ష్మమ్మ. ముప్ఫై ఏళ్ళు ఎవరికీ పట్టదు. భర్త పోయిన మర్నాటి నుంచి ఆ ఇద్దరు లక్ష్ములూ ఒకరేనని రుజువు చేసుకోవాలి.

మొన్న ఉయ్యూరు దగ్గర్నుంచి ఒకావిడ ఇలాగే వచ్చింది, ట్రంకుపెట్టెలోని కాగితాలన్నీ చీరకొంగులో మూటగట్టుకుని. "వదినమ్మా, అన్నయ్య డిశ్చార్జి బుక్కు ఇందులోనే ఉంది, కంగారుపడకండి" అని ఒక్కో కాగితం నేల మీద పరిచాడు. కరెంటు బిల్లులు, పురుగుమందు రసీదులు, మధ్యలో ఆ పుస్తకం. అఫిడవిట్ ఎలా రాయించాలో, ఏ కాపీ ఎక్కడికి పంపాలో చీటీ మీద తెలుగులో వరసగా రాసిచ్చాడు. బస్సు ఛార్జీ ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు, ఈయన కాఫీ తాగకుండా వెళ్ళనివ్వలేదు.

ఇప్పుడాయన పట్టు వేరే. డిశ్చార్జికి ఇంకా ఏడాది ఉన్న కుర్రాళ్ళ నంబర్లు సంపాదించి, సరిహద్దులో ఉన్నా సరే, ఫోన్ చేసి అడుగుతాడు: "మీ ఆవిడ పేరు రికార్డులో ఎలా ఉంది, స్పెల్లింగు చదువు."