అమ్లపిత్తం నుంచి ఒమేజ్ దాకా: రాత్రివేళ ఛాతీమంట చరిత్ర

కడుపునిండా భోజనం చేసి పడుకున్న గంటకో రెండు గంటలకో రొమ్ము నడుమ మంట లేస్తుంది. పుల్లని నీరు గొంతులోకి ఎగదన్ని నిద్ర చెడగొడుతుంది. దీనిని మనవారు పులితేన్పులనీ, గ్యాస్ అనీ అంటారు. అడవులదీవి, నిజాంపట్నం, రేపల్లె ప్రాంతాలలో రొయ్యల చెరువుల కావలి కాసేవారు, వేటనుంచి పొద్దుపోయి వచ్చేవారు రాత్రి ఏ పదింటికో తిని వెంటనే నడుము వాల్చడం మామూలే. అందుకే చాలా ఇళ్ళలో తలగడ పక్కన ఒక క్యాప్సూల్ సిద్ధంగా ఉంటుంది. ఆ క్యాప్సూల్ వెనుక ఎంత చరిత్ర ఉందో తెలిస్తే దానిని ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో కూడా తెలుస్తుంది.

ప్రాచీనులు గమనించినది

ఆయుర్వేదంలో ఈ బాధకు అమ్లపిత్తమని పేరు. చరక, సుశ్రుత సంహితలు దీనిని ప్రత్యేక వ్యాధిగా చెప్పలేదు. కాశ్యప సంహిత దీనికి ఒక అధ్యాయాన్ని కేటాయించింది. తరువాత మాధవకరుడు తన నిదాన గ్రంథంలో పైకి ఎగదన్నేది ఊర్ధ్వగమనీ, కిందికి పోయేది అధోగమనీ రెండు విధాలుగా విభజించాడు. కాశ్యప సంహితలో మన తీరవాసులు గమనించదగిన మాట ఒకటుంది. నీరు, చెమ్మ ఎక్కువగా ఉండే ఆనూప దేశాలలో ఈ వ్యాధి హెచ్చని, మందుతో తగ్గనివారు ప్రదేశం మారాలని అందులో ఉంది. నేటి వైద్యం నేలకు ఈ దోషాన్ని అంటగట్టదు. అయితే మనిషి జీవన విధానానికీ ఈ వ్యాధికీ సంబంధముందని ఆనాడే గుర్తించడం విశేషం.

ఆమ్లం గుట్టు తెలిసిన తీరు

జీర్ణాశయంలోని పులుపు హైడ్రోక్లోరిక్ ఆమ్లమేనని 1823లో ఇంగ్లండు వైద్యుడు విలియం ప్రౌట్ నిరూపించాడు. దానికి ముందు ఏడాదే అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకి గుండు తగిలి పొట్టమీద పూడని రంధ్రం మిగిలింది. చికిత్స చేసిన విలియం బోమాంట్ ఆ రంధ్రం గుండా జీర్ణక్రియను ఏళ్ళ తరబడి పరిశీలించి 1833లో గ్రంథం ప్రకటించాడు.

అన్నవాహికలో పుండ్లకు పైకి వచ్చే జఠరరసమే కారణం కావచ్చునని 1935లో వింకెల్‌స్టీన్ సూచించాడు. 1974లో జాన్సన్, డిమీస్టర్ అనే వైద్యులు సన్నని గొట్టంతో ఇరవైనాలుగు గంటలూ అన్నవాహికలోని ఆమ్లాన్ని కొలిచారు. పగలు ఎగదన్నిన ఆమ్లం త్వరగా దిగిపోతుంది, రాత్రి ఎగదన్నినది చాలాసేపు నిలిచిపోతుంది. దీనికి కారణం సులభమే. పడుకున్నప్పుడు భూమ్యాకర్షణ సాయం ఉండదు. నిద్రలో లాలాజలం ఊరడం, గుటక వేయడం బాగా తగ్గిపోతాయి. రాత్రి మంట అన్నవాహికకు ఎక్కువ హాని చేసేది అందుకే.

మందుల కథ

మొదట పాలు, సోడా ఉప్పు, ఆపై డైజీన్, జెలూసిల్ వంటివి వచ్చాయి. ఇవి ఉన్న ఆమ్లాన్ని విరుస్తాయే గాని కొత్తగా ఊరేదాన్ని ఆపలేవు. పాలు కాసేపు చల్లబరచినా తరువాత ఆమ్లం ఊరడాన్ని పెంచుతాయి. 1976లో బ్రిటన్‌లో సిమెటిడిన్, 1981లో రానిటిడిన్ వచ్చాయి. సిమెటిడిన్‌కు దారి చూపిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి లభించింది. ఆ ఏడాదే స్వీడన్ శాస్త్రజ్ఞులు రూపొందించిన ఒమెప్రజోల్ విపణిలోకి వచ్చింది. ఇది ఆమ్లాన్ని తోడే పంపునే మూసివేస్తుంది.

ఈ మందు మన సామాన్యులకు అందడంలో మన జిల్లావాసి పాత్ర పెద్దది. పాత గుంటూరు జిల్లా తాడేపల్లికి చెందిన కల్లం అంజిరెడ్డి 1984లో హైదరాబాదులో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ స్థాపించారు. అప్పటి 1970 నాటి పేటెంట్ చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే హక్కు ఇచ్చేది. కనుక వేరొక పద్ధతిలో అదే మందును చేయడానికి వీలుండేది. ఆ సంస్థ 1991లో ఒమేజ్ పేరుతో దానిని విడుదల చేసింది. ఆ పేరు ఇప్పుడు మన పల్లెల్లో మందుకే మారుపేరైంది.

అందుబాటు అలవాటైతే

ఆ పేరు అంత సుపరిచితం కావడమే నేటి చిక్కు. భోజనం చేసి, మంట లేచాక మింగితే ఇది సరిగా పనిచేయదు. ఆహారానికి అరగంట ముందు వేసుకోవాలి, ఎందుకంటే తిన్నప్పుడు పనిచేసే పంపులనే ఇది మూస్తుంది. ఏళ్ళ తరబడి వైద్యుని సలహా లేకుండా వాడితే బి12, మెగ్నీషియం తగ్గవచ్చు. ఒక్కసారిగా ఆపితే ఆమ్లం తిరిగి హెచ్చుగా ఊరి మంట ముదురుతుంది. గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడేవారికి ఇది రక్షణ కోసం ఇచ్చి ఉండవచ్చు గనుక, వారు సొంతంగా మానరాదు.

మందు కన్నా ముందు చేయవలసినవి ఇవి. రాత్రి భోజనానికీ పడకకూ మూడు గంటల ఎడం ఉండాలి. కావలివారు పెందలకడనే ప్రధాన భోజనం చేయడం మేలు. మంచం తలాపు కాళ్ళకింద ఇటుకలు పెట్టి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఎత్తండి. రెండు దిండ్లు పెడితే మెడ వంగుతుందే గాని ఛాతీ లేవదు. ఎడమ పక్కకు తిరిగి పడుకోండి, అప్పుడు జీర్ణాశయం అన్నవాహిక కన్నా దిగువన ఉంటుంది. చుట్ట, మద్యం మానండి. పెరిగిన బొజ్జ తగ్గించండి. గుంటూరు కారం అందరికీ శత్రువు కాదు. మీకు మంట తెప్పిస్తే రాత్రిపూట మానితే చాలు.

చివరగా ఒక హెచ్చరిక. మింగుడు పడకపోవడం, బరువు తగ్గడం, నల్లని విరేచనం, రక్తపు వాంతి కనిపిస్తే ఎండోస్కోపీ తప్పనిసరి. ఛాతీ బిగుసుకుని, చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే అది గ్యాస్ అని క్యాప్సూల్ మింగి తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. గుండెపోటు ఎక్కువగా ముసుగు వేసుకుని వచ్చేది ఈ మంట రూపంలోనే.