పాత్రకు మనిషిని వెతికే కొలువు: పైసలు ఇచ్చేదెవరు, తీసుకునేదెవరు?

ఊరి పోరలు సినిమాల్లకు పోతమంటే రెండే కొలువులు యాదికొస్తయి: హీరో, డైరెక్టర్. వీళ్ల నడుమ ఇంకో పని ఉన్నది. కథల ముసలి తాత ఉంటే ఎవరు సరిపోతరు, ఎమ్మార్వో ముంగట పట్టా కాయితం పట్టుకొని నిలబడ్డ రైతు ఎవరైతే నిజం రైతు అనిపిస్తడు అని వెతికిపెట్టే పని. అది చేసేటోళ్లను కాస్టింగ్ డైరెక్టర్ అంటరు. ఆఖరి మాట దర్శకునిది, నిర్మాతది. కానీ వాళ్ల ముందరికి ఎవరి మొఖం పోవాలె అనేది చాలాసార్లు ఈ మనిషి చేతుల ఉంటది.

ఈ ముచ్చట ఎందుకు రాస్తున్నంటే, ఏండ్ల తరబడి మన యాసను తెర మీద రౌడీకో, నవ్వించేటోనికో తగిలించిండ్రు. రాసినోళ్ల తప్పు కొంత, మనుషుల్ని ఎంచినోళ్లకు మన ఊర్లు తెల్వకపోవుడు ఇంకింత. ఊరు తెలిసినోళ్లు ఎంచితే ఏమైతదో చూసినం. 2018ల వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'ల చాలా పాత్రలు విశాఖల ఆ కంచరపాలెం మనుషులే చేసిండ్రు. 2023ల 'బలగం' చివర్ల పాడి అందర్నీ ఏడిపించిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు ఊరూరా కథలు చెప్పి బతికిన కళాకారులు. హిందీల గూడ 'బాండిట్ క్వీన్'కు మనుషుల్ని ఎంచింది తిగ్మాంశు ధూలియా. ఢిల్లీల నాటకాలు ఆడే మనోజ్ బాజ్‌పాయి అట్లనే ఆ సినిమాలకు వచ్చిండు.

ఇగ పని ఎట్ల నడుస్తదో చెప్త. ముందుగాల స్క్రిప్టు చదివి ఒక్కో పాత్రకు ఒక్కో కాయితం రాసుకోవాలె. వయసు, యాస, ఎన్ని రోజుల షూటింగు, ఈత రావాల్నా, ట్రాక్టర్ నడపాల్నా, ముందే చెప్పి ఒప్పించాల్సిన సీన్లు ఉన్నయా, అన్నీ. తర్వాత ఆడిషన్. వచ్చినోళ్లు కెమెరా ముందు పేరు, వయసు, ఎత్తు, ఊరు చెప్పి, రెండు పక్కలకు తిరిగి మొఖం చూపిస్తరు. ఆ తర్వాత సీను. ఎదుటి పాత్ర మాటలు కెమెరా ఎనుక నుంచి చదివేది మనమే. అసలు పనితనం ఈడనే ఉన్నది. మనం పేపర్ల వార్త చదివినట్టు చదివితే మంచి నటుడు గూడ తేలిపోతడు. ఒకసారి చేసినంక, "ఇదే మాట కోపం లేకుండ, బాకీ అడగనీకి సిగ్గుపడ్డట్టు చెప్పు" అని మార్చి చూడాలె. చెప్తే మారగలిగినోడు షూటింగుల గూడ మారుతడు. గట్ల ముగ్గుర్నో నలుగుర్నో ఏరి దర్శకునికి చూపియ్యాలె. ఒక్కర్నే చూపిస్తే సిఫారసు అనుకుంటరు. తర్వాత లుక్ టెస్టు, డేట్లు, రెమ్యునరేషన్, అగ్రిమెంటు. గుంపుల కనబడే జూనియర్ ఆర్టిస్టులను వేరే ఏజెంట్లు పంపుతరు. సీరియళ్లకైతే ఛానల్ గూడ ఒప్పుకోవాలె, పైగా నెలల తరబడి డేట్లు ఇచ్చే మనిషి కావాలె.

దీనికి ఫలానా డిగ్రీ ఉండాలని లేదు. తెలుగుల చాలా సినిమాలకు ఈ పని ఇప్పటికీ కో డైరెక్టర్లు, అసిస్టెంట్ డైరెక్టర్లే చేస్తరు. కాబట్టి కాస్టింగ్ చేసేటోళ్ల దగ్గర అసిస్టెంటుగ చేరొచ్చు, లేకుంటే దర్శకత్వ శాఖల చేరి ఆడిషన్ల పని మీదేసుకోవచ్చు. మొదట్ల ఫోన్లు చేసుడు, వీడియోలకు పేర్లు పెట్టి దాచుడు, వచ్చినోళ్లకు మంచినీళ్లిచ్చుడు. పైసలు అంతంతే. ఆరు నెలల ఖర్చు చేతుల లేకుండ కృష్ణానగర్ బస్సెక్కకుండ్రి.

పైసల కాడ ఒక గీత గట్టిగ గీసుకోవాలె. కాస్టింగ్ మనిషికి పైసలిచ్చేది నిర్మాణ సంస్థ. వేషం ఇయ్యకముందే రిజిస్ట్రేషన్ అని, ఫొటోషూట్ అని, కార్డు అని నటుని దగ్గర గుంజితే అది దందా. మా దిక్కు డిగ్రీ చదివే పిలగాండ్లు గీ దందాల పడి, ఇంట్ల చెప్పుకోలేక కుమిలిపోయిండ్రు. రేపు మీరే ఆ కుర్చీల కూసుంటరు, మీ ఊరోడే వెయ్యి రూపాయలు పట్టుకొని వస్తడు. తీసుకోవద్దు. ఆడపిల్లల ఆడిషన్ పగటిపూట, ఆఫీసుల, ఇంకో మహిళ ఉండంగనే పెట్టాలె. పని జాగల వేధింపుల మీద 2013 చట్టం సినిమా ఆఫీసుకు గూడ వర్తిస్తది.

పిల్లల పాత్రలైతే ఇంకా పదిలం. 14 ఏండ్ల లోపు పిల్లలకు 2017 రూల్సు ఉన్నయి: నిర్మాత కలెక్టర్ దగ్గర పర్మిషన్ తీసుకోవాలె, రోజుకు 5 గంటలకు మించొద్దు, విశ్రాంతి లేకుండ 3 గంటలు దాటొద్దు, సంపాదనల కనీసం 20 శాతం ఆ పిల్ల పేరు మీదనే బ్యాంకుల ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలె. తల్లిదండ్రులకు ఇది చెప్పేటోళ్లే తక్కువ. మీరు చెప్పుండ్రి.

మొదలు ఊర్లనే పెట్టొచ్చు. ఒగ్గు కథ చెప్పేటోళ్లు, చిందు యక్షగానం ఆడేటోళ్లు, బడి నాటకంల మెరిసిన పిల్ల, అంగట్ల బేరమాడే అవ్వ, అందర్నీ ఒక నోట్‌బుక్కుల రాసుకోండ్రి. వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే ఫోన్ అడ్డంగ పట్టుకొని ఒక నిమిషం వీడియో తియ్యుండ్రి. పక్కూరోళ్లు షార్ట్ ఫిల్మ్ తీస్తుంటే మనుషుల్ని వెతికే పని మీరు ఒప్పుకోండ్రి. టైటిల్స్‌ల 'కాస్టింగ్' అని మీ పేరు వెయ్యాలని షూటింగుకు ముందే అడిగి రాయించుకోండ్రి, అయిపోయినంక అడిగితే ఎవరికీ యాదికుండదు.