ధర్మం పేరిట ప్రకటనల ఫోన్లు

అనాథల పేరో, దివ్యాంగుల పేరో చెప్పి, సావనీర్‌లో షాపు ప్రకటన వేస్తామంటూ చిరువ్యాపారుల దగ్గర డబ్బు గుంజే ఫోన్లు వస్తుంటాయి. బెల్లం మార్కెట్‌కు పేరుపడ్డ అనకాపల్లి లాంటి ఊళ్లో దుకాణం బోర్డు మీదే ఫోన్ నంబరు ఉంటుంది. బేరం మధ్యలో ఉన్న మనిషికి ఆరా తీసే తీరిక ఉండదు. ఆ సావనీర్ ఎన్ని ప్రతులు వేశారో, ఎవరికి పంచారో అడిగేవారే ఉండరు. బ్రిటన్‌లోనూ ఇదే పద్ధతిలో వసూళ్లు చేసిన కంపెనీలను హైకోర్టు మూయించింది.

అందరినీ అనుమానిస్తే నిజమైన సంస్థలే నష్టపోతాయని కొందరంటారు. ఆ భయం సబబే. కానీ నిజమైన సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు, తన పేరిట ఉన్న బ్యాంకు ఖాతా చెప్పడానికి వెనకాడదు. ఎవరి సొంత యూపీఐకో వెంటనే పంపమని తొందరపెట్టదు. ప్రకటనకిచ్చిన సొమ్ము వ్యాపార ఖర్చు, విరాళం కాదు. దానికి విరాళాలకిచ్చే పన్ను మినహాయింపు రసీదు ఇస్తామన్నారంటే అనుమానించాల్సిందే. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.