పరపతి: ప్రోనోటు నుంచి ప్లాస్టిక్ కార్డు దాకా

మా కర్నూలు, కడప పల్లెల్లో 'ఆయనకు పరపతి ఉంది' అంటే రెండు అర్థాలు. నలుగురిలో పలుకుబడి ఉన్నదని ఒకటి, అడిగినచోట అప్పు పుడుతుందని మరొకటి. సహకార పరపతి సంఘాల పేరులో ఉన్నది ఈ రెండవది. చదువు ముగించి ఉద్యోగంలో చేరిన మా వైపు పిల్లలు 'మొదటి క్రెడిట్ కార్డు ఏది తీసుకోవాలి?' అని అడిగినప్పుడల్లా నాకు ఈ మాటే మనసులో మెదులుతుంది. ఆ ప్రశ్నకు మా సీమలో రెండు శతాబ్దాల చరిత్ర ఉన్నది.

1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో రైతువారీ పద్ధతిలో ఒక్కొక్క రైతు పేరునూ సర్కారు లెక్కల్లోకి ఎక్కించాడు. విత్తనాలకూ ఎద్దులకూ తక్కావి అప్పులిప్పించాడు. అయినా, ఆ లెక్కలు రైతు ఎంత శిస్తు కట్టాలో చెప్పినవే గాని, అతని మాట ఎంత నమ్మదగినదో చెప్పినవి కావు. తరువాత కర్నూలు–కడప కాలువ తవ్వడానికి వచ్చిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పెట్టుబడికి సర్కారు నూటికి ఐదు చొప్పున వడ్డీ హామీ ఇచ్చింది. చివరకు 1882లో కాలువను తానే కొనుక్కున్నది. ఆ మధ్యలోనే, 1876–78లో, ధాత కరువు ఈ సీమను పీల్చి పిప్పి చేసింది. లండనులో వాటాలు కొన్నవారికి హామీ ఉన్నది. వాననే నమ్ముకున్న మెట్ట రైతుకు షావుకారు తప్ప వేరే దిక్కు లేదు.

షావుకారు దగ్గర అప్పుకు సాక్ష్యం ప్రోనోటు. కొంత కడితే దాని వెనుక చెల్లు వేస్తారు. వడ్డీ పేరుకుపోతే అసలులో కలిపి నోటు తిరగరాస్తారు. పూర్తిగా తీర్చితే నోటు చించివేస్తారు. ఇందులో ఒక విచిత్రమున్నది, గమనించారా? ఎగవేసినవాడి పేరు కోర్టు డిక్రీలో శాశ్వతంగా నిలుస్తుంది. ఇరవై ఏళ్ళు నిజాయితీగా తీర్చినవాడికి చిరిగిన కాగితం ముక్కలే మిగులుతాయి. వాడి మంచితనం ఊరి పొలిమేర దాటితే ఎవరికీ తెలియదు.

ఈ లోటును పూడ్చే ప్రయత్నాలు క్రమంగా జరిగాయి. మద్రాసు రాజధానిలో ఫ్రెడరిక్ నికల్సన్ నివేదికల దరిమిలా 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. రాజాజీ మంత్రివర్గం తెచ్చిన 1938 చట్టం, పాత బాకీలలో అసలుకు రెట్టింపు కట్టినవారికి ఋణవిముక్తి కలిగించింది. 1976లో కడప కేంద్రంగా రాయలసీమ గ్రామీణ బ్యాంకు వెలిసింది. మచిలీపట్నంలో 1923లో పుట్టి 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. మన దేశంలో ఆ పనికి ముందుగా పూనుకున్న బ్యాంకుల్లో అదొకటి. అయితే అది మా పల్లెల దాకా రాలేదు. మా ఇళ్ళలో 'కార్డు' అన్న మాట వినబడింది 1998లో మొదలైన కిసాన్ క్రెడిట్ కార్డుతోనే. గడువులోగా పంట అప్పు తీర్చినవారికి వడ్డీ తగ్గించే పద్ధతి తరువాత వచ్చింది. తీర్చడమన్నది లెక్కకెక్కి, దానికొక ఫలం దక్కడం మా రైతులకు కొత్త అనుభవం.

2000లో సిబిల్ ఏర్పడింది. 2005లో పరపతి సమాచార సంస్థల చట్టం వచ్చింది. నేడు మన చెల్లింపుల చరిత్ర 300 నుంచి 900 దాకా ఒక అంకెగా మారుతున్నది. ఈ అంకెకు దయ లేదు. వాన పడలేదని చెబితే వినదు. కానీ ప్రోనోటు చేయలేని పని ఒకటి చేస్తుంది: తీర్చిన సంగతిని చించివేయకుండా దాచి, ఊరెరుగని బ్యాంకుకు కూడా చూపుతుంది. షావుకారు ఖాతా పుస్తకాన్ని బాకీదారు చూడగలిగేవాడు కాదు. ఈ నివేదికను మాత్రం 2017 నుంచి ప్రతి సంస్థ వద్దా ఏడాదికొకసారి ఉచితంగా తెప్పించుకొని చూసుకోవచ్చు.

కనుక మొదటి కార్డు ఎంచుకునే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నేను చెప్పేది ఇంతే. సినిమా టిక్కెట్లూ విమానాశ్రయ విశ్రాంతి గదులూ చూసి మురిసిపోకండి. మీ నిజాయితీని తక్కువ ఖర్చుతో నమోదు చేసే కార్డు చాలు. వార్షిక రుసుము లేనిది చూడండి. జీతమూ చరిత్రా లేకపోతే ఫిక్సెడ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు తీసుకోండి. పరిమితిలో మూడోవంతు దాటకుండా వాడి, బిల్లు మొత్తం గడువులోగా కట్టండి. బిల్లులో కనబడే 'కనీస మొత్తం' మీ తాతలకు బాగా తెలిసినదే: అది ప్రోనోటు తిరగరాయడం. అంతమాత్రమే కడితే మిగిలిన దానికి నెలకు నూటికి మూడున్నరకు మించి కూడా వడ్డీ పడవచ్చు. అంటే ఏడాదికి నలభై రెండుకు పైనే, చక్రవడ్డీ కాక! కొత్త కొనుగోళ్ళకు కూడా వడ్డీ లేని గడువు పోతుంది. రూపాయిన్నర, రెండు రూపాయల వడ్డీకే నిద్రపట్టని ఇళ్ళలో పుట్టినవాళ్ళం, ఈ లెక్క మనకొకరు నేర్పాలా?

తీర్చిన అప్పుకు సాక్ష్యం మిగలాలన్నది మా పెద్దలకు దక్కని సౌకర్యం. ఇరవై రెండేళ్ళ పిల్లకో పిల్లవాడికో నేడది వెయ్యి రూపాయల కొనుగోలుతో, గడువు తప్పని ఒక చెల్లింపుతో మొదలవుతున్నది. పరపతి అనే మాటలోని రెండు అర్థాలూ అక్కడ ఒక్కటవుతాయి.