ఉద్దానపు నేలను ప్రశ్నించిన చరిత్ర

కాశీబుగ్గ దాటి సముద్రము వైపు సాగినచో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు దారి పొడవునను కనుల పండువు చేయును. ఉద్యానవనమను మాటయే వాడుకలో ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. ఇట్టి పచ్చని సీమలో 1990 దశకమునుండి ఒక వింత వ్యాధి వైద్యుల దృష్టికి వచ్చినది. రోగులలో పెక్కుమందికి మధుమేహము లేదు. మొదట రక్తపుపోటును లేదు. అయినను తోటపని, పొలముపని చేయు నడివయసువారి మూత్రపిండములు సడిలేకుండ చెడిపోవుచున్నవి. 2018లో ప్రచురితమైన యొక సర్వేలో పరీక్షింపబడిన 2,210 మందిలో సుమారు 18 శాతమునకు మూత్రపిండవ్యాధి ఉన్నట్లు తేలినది.

ఈ నేలలో ఏమున్నదను ప్రశ్న సహజముగనే పుట్టినది. మూతబడిన బట్టలమిల్లు ఆవరణలో మట్టి చెడినదని అనుమానము కలిగినచో ఎక్కడ త్రవ్వవలెనో పరిశోధకునకు తెలియును. రంగులద్దిన తొట్లు ఎక్కడ ఉండెనో, మురుగు ఏ కాలువను పారెనో విచారించి, అచ్చటి మట్టిని పొరలు పొరలుగా తీసి, దూరపు మట్టితో పోల్చి చూచును. ఉద్దానములోనో, వేలెత్తి చూపదగిన మిల్లుగాని గనిగాని కానరాలేదు. అందుచేత అనుమానము బోరుబావి నీటిమీదను, పురుగుమందులమీదను, ఇసుకనేలమీదను సమముగ వ్రాలినది.

ఇట్టి అన్వేషణకు లోకమున రెండు పాత నిదర్శనములు కలవు. జపానులో కామియోకా గనినుండి జింజూ నదిలోనికి దిగిన కాడ్మియము వరిమళ్ళకెక్కి, బియ్యముద్వారా దేహముల జేరి, ఎముకలను, మూత్రపిండములను పాడుచేసెను. 1968లో అచ్చటి ప్రభుత్వము ఆ కారణమును అంగీకరించెను; పొలముల మట్టిని బాగుచేయు పని 2012 వరకు సాగెను. అచ్చట దోషము నేలదే.

రెండవది బాల్కను దేశములది. డాన్యూబు ఉపనదుల తీరగ్రామములలో 1950 దశకమున గుర్తింపబడిన మూత్రపిండవ్యాధికి బావినీటిని, లోహములను, బొగ్గుపొరలను పరిశోధకులు దశాబ్దములపాటు అనుమానించిరి. తుదకు గోధుమచేలలో పెరుగు ఒక కలుపుమొక్క గింజలు ధాన్యముతో కలిసి పిండిలో చేరుచున్నవని, వానిలోని అరిస్టోలోకికామ్లమే విషమని 2007లో బలమైన ఆధారములు లభించెను. ఆ మొక్క మన ఈశ్వరికి జ్ఞాతి. కారణము పొలముననే యున్నను, మట్టిని మాత్రమే వెదకినవారికి అది చిక్కలేదు.

ఉద్దానములో జరిగిన పరీక్షలలో భారలోహములు చాలవరకు అనుమతింపబడిన హద్దులలోనే కనిపించినవి. కొన్నిచోట్ల నీటిలో సిలికా ఎక్కువని కొందరు పరిశోధకులు తెల్పిరి. మండుటెండలో తగినన్ని నీళ్ళు త్రాగక పనిచేయుట, నొప్పి మాత్రలను తరచుగా మ్రింగుట, పురుగుమందుల సోకుడు అనునవియు విచారణలోనున్నవి. శ్రీలంక ఉత్తరమధ్య మండలమందలి రైతులను, ఎల్‌సాల్వడారు, నికరాగువాలలోని చెరకుతోట కూలీలను బాధించు రోగమును ఇట్టిదే. ఏ ఒక్క కారణమును ఇంతవరకు నిశ్చయముగ నిరూపింపబడలేదు.

అయినను కారణము తేలువరకు రోగి వేచియుండజాలడు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ పరిశోధనా కేంద్రమును ప్రారంభింపబడినవి. హిరమండలము జలాశయపు నీటిని ఉద్దానమునకు తెచ్చు పథకమును ఆనాడే ప్రారంభమైనది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన తోటలను రైతులు మరల నాటుకొనవచ్చును. ఎండిన మూత్రపిండము మరల చిగురింపదు. కనుకనే ఒంటిలో బాధ తోచకున్నను రక్తములో క్రియాటినిను ఎంతయున్నదో అప్పుడప్పుడు పరీక్ష చేయించుకొనుట, వైద్యుని అడుగక నొప్పి మాత్రలను వాడకుండుట ఆ సీమవారికి అవసరము. నేల తన రహస్యమును చెప్పుటకు కాలము పట్టవచ్చును. ఈలోపల మనుష్యులను కాపాడుకొనుట మన పని.