పీఎస్ఏ పరీక్ష ఎవరికి, ఎప్పుడు?

అరవై దాటిన మగవారు రాత్రిపూట రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం మామూలే. దీనికి ఒక కారణం వయసుతోపాటు ప్రొస్టేట్ గ్రంథి పెరగడం; ఎక్కువమందిలో అది క్యాన్సర్ కాదు. అయినా 'ఫుల్ బాడీ చెకప్' పేరుతో చేసే రక్తపరీక్షల్లో ప్రొస్టేట్‌కు సంబంధించిన పీఎస్ఏ కూడా చేరుతోంది. బళ్ళారి జిల్లా సిరుగుప్ప వంటి తాలూకా ఊళ్లో ఈ పరీక్ష ఎవరికి మేలు చేస్తుందన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

అంకె చెప్పేది ఎంత?

పీఎస్ఏ ప్రొస్టేట్ తయారుచేసే ప్రొటీన్. క్యాన్సర్ లేకున్నా గ్రంథి పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, మూత్రపు గొట్టం వేసినా అది పెరగవచ్చు. ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మాత్రలు ఆరు నెలలు వాడితే దాదాపు సగానికి తగ్గుతుంది. అలాంటివారి రిపోర్టులో 3 అని ఉంటే దాన్ని 6గా లెక్కవేయాలి. అందుకే వాడుతున్న మందుల చీటీ డాక్టరుకు చూపించాలి.

లక్షణాలు లేనివారిలో

ఎనిమిది ఐరోపా దేశాల్లో 55–69 ఏళ్లవారిపై జరిగిన పెద్ద అధ్యయనం 23 ఏళ్ల ఫలితాలు 2025లో వెలువడ్డాయి. పీఎస్ఏ పరీక్షకు పిలిచినవారిలో ప్రొస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. అంటే 456 మందిని పిలిస్తే ఒక మరణం తప్పింది. బ్రిటన్‌లో గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని 15 ఏళ్లు గమనించిన మరో అధ్యయనంలో, ఆపరేషన్, రేడియేషన్, క్రమం తప్పకుండా గమనించడం అనే మూడింటిలో ఏది చేసినా ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు మొత్తంమీద 2.7 శాతమే. మేలు నిజమే, కానీ చిన్నది. చికిత్స వల్ల మూత్రం ఆగకపోవడం, లైంగిక సామర్థ్యం తగ్గడం వంటి ఇబ్బందులూ నిజమే. ఈ అధ్యయనాలు మన దేశంలో జరిగినవి కావు కాబట్టి వీటిని ఇక్కడికి జాగ్రత్తగా అన్వయించాలి. మన జాతీయ కార్యక్రమం నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే స్క్రీనింగ్ చేస్తుంది.

ఆలస్యం చేయకూడనిది

నడుములో, ఎముకల్లో తగ్గని నొప్పి, మూత్రంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నప్పుడు, లేదా వేలితో పరీక్షించినప్పుడు గ్రంథి గట్టిగా తగిలినప్పుడు పీఎస్ఏ తప్పక చేయించాలి. కాళ్లు పట్టు తప్పుతుంటే అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. క్యాన్సర్ వెన్నెముకకు పాకి వెన్నుపాముపై ఒత్తిడి పడి ఉండవచ్చు. క్యాన్సర్ వల్ల గ్రంథిని పూర్తిగా తొలగించాక పీఎస్ఏ దాదాపు సున్నాకు పడిపోవాలి. మళ్లీ పెరుగుతుంటే క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూడాలి.

మన ఊరికి వర్తించేది

కొద్దిగా పెరిగిన పీఎస్ఏ చూసి వెంటనే బయాప్సీకి వెళ్లనక్కర్లేదు. ఇన్ఫెక్షన్ ఉంటే తగ్గించి, కొన్ని వారాలాగి మళ్లీ చేయించాలి. అప్పుడూ ఎక్కువగా ఉంటే ముందు ఎమ్మారై, అవసరమైతేనే బయాప్సీ. ముప్పు తక్కువని తేలిన తొలిదశ క్యాన్సర్‌కు ఎముకల స్కాన్, పెట్ స్కాన్ అనవసరమని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2012లోనే చెప్పింది. ఈ పరీక్షలకు బళ్ళారికో బెంగళూరుకో పోవాల్సిన రైతుకు, కూలీకి అనవసరమైన ప్రతి స్కానూ ఖర్చే, పోయిన కూలే.

లక్షణాలు లేని 55–69 ఏళ్లవారు డాక్టరుతో లాభనష్టాలు మాట్లాడుకున్నాకే పీఎస్ఏకు రక్తమివ్వాలి. తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ ఉంటే ఆ మాట ముందే కదపాలి. లక్షణాలు లేకుండా డెబ్బై దాటినవారికి అమెరికా నిపుణుల సంఘం 2018లో ఈ స్క్రీనింగ్ వద్దంది. చెకప్ ప్యాకేజీల్లో పీఎస్ఏ కలపడం కంటే, నడుం నొప్పిని వయసు మీద నెట్టి నెలలు గడిపేస్తున్న పెద్దాయనకు అదే పరీక్ష సకాలంలో అందేలా చూడటం ఇక్కడ ముందు జరగాలి.