వెతకాల్సిన చోటు

1881 జులైలో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో దిగిన తూటా ఎక్కడుందో వైద్యులకు అంతుచిక్కలేదు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ లోహాన్ని పసిగట్టే పరికరం ఒకటి ఆదరాబాదరాగా తయారుచేసి తెచ్చాడు. ప్రధాన వైద్యుడు మాత్రం కుడివైపే వెతకనిచ్చాడు. సెప్టెంబరులో గార్‌ఫీల్డ్ చనిపోయాక చేసిన శవపరీక్షలో తూటా ఎడమవైపు దొరికింది. మెటల్ డిటెక్టర్ కథ ఇలా మొదలైంది.

విమానాల హైజాకింగులు పెరిగిపోవడంతో 1973 జనవరి నుంచి అమెరికాలో ప్రతి ప్రయాణికుణ్నీ తనిఖీ చేయడం తప్పనిసరైంది. విమానాశ్రయం నుంచి మెటల్ డిటెక్టర్ బడి గుమ్మానికి చేరడానికి పుష్కరం పట్టింది. నగరాల్లో మత్తుమందుల ముఠాలు, చేతికందే తుపాకులు పెరిగిన రోజులవి. 1985లో డెట్రాయిట్, 1988లో న్యూయార్క్ బడుల్లో తనిఖీలు పెట్టాయి. 1992 ఫిబ్రవరి 26న బ్రూక్లిన్‌లోని థామస్ జెఫర్సన్ హైస్కూలుకు న్యూయార్క్ మేయర్ డింకిన్స్ రావాల్సి ఉంది. ఆయన రాకముందే తోటి విద్యార్థి కాల్పుల్లో ఇద్దరు పిల్లలు చనిపోయారు. దాంతో న్యూయార్క్ బడుల్లో డిటెక్టర్లు మరింత పెరిగాయి.

ఫలితం ఏమిటి? న్యూయార్క్ హైస్కూళ్లలో 1992లో జరిపిన సర్వేలో, బడిలోకి ఆయుధం తెచ్చామన్న పిల్లలు డిటెక్టర్లున్న చోట 7.8 శాతం, లేని చోట 13.6 శాతం. తేడా చిన్నది కాదు, దాన్ని కొట్టిపారేయకూడదు. కానీ బెదిరింపులు, కొట్లాటల్లో మాత్రం తేడా కనిపించలేదు. ఆ తర్వాత 15 ఏళ్ల పరిశోధనలను వడపోసి 2011లో వెలువడిన సమీక్ష, ఈ యంత్రాల వల్ల హింస తగ్గిందనడానికి చాలినన్ని ఆధారాలు లేవంది. మిన్నెసోటాలోని రెడ్ లేక్ హైస్కూల్లో డిటెక్టరూ ఉంది, కాపలాదారూ ఉన్నాడు. 2005 మార్చిలో తుపాకీతో వచ్చిన 16 ఏళ్ల కుర్రాడు ముందు ఆ కాపలాదారునే చంపి లోపలికి నడిచాడు. చావుకు తెగించి వచ్చినవాణ్ని యంత్రం మోత ఆపుతుందా?

వెతికే చోటు మారింది కొలంబైన్ తర్వాతే. 1999 ఏప్రిల్‌లో కొలరాడోలోని ఆ బడిలో జరిగిన కాల్పుల ఘోరం దేశాన్ని కుదిపేశాక, అధ్యక్షుల ప్రాణాలు కాపాడే సీక్రెట్ సర్వీసు విద్యాశాఖతో కలిసి బడి దాడుల పాత కేసులను తిరగతోడింది. 37 దాడులు, 41 మంది దుండగులు. 2002లో వచ్చిన నివేదిక చెప్పిన సంగతి నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది: ప్రతి అయిదు దాడుల్లో నాలుగింటి గురించి ముందే కనీసం ఒకరికి తెలుసు. వారిలో ఎక్కువమంది తోటి పిల్లలే.

అయితే పిల్లలు నోరెందుకు విప్పరు? చెబితే స్నేహితుణ్ని బడి నుంచి తరిమేస్తారన్న భయం లేనప్పుడే, పెద్దవాళ్లు శ్రద్ధగా వింటారన్న నమ్మకం ఉన్నప్పుడే పిల్లవాడు చెబుతాడు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో డ్యూయీ కార్నెల్ బృందం బెదిరింపులను అంచనా వేయడానికి తయారుచేసిన పద్ధతికి ఇదే ఊపిరి. కోపంలో నోరుజారిన మాటకూ, నిజంగా తలపెట్టిన దానికీ తేడా తేల్చాలి. ఎవరి మీద కోపం, ఆయుధం అందుబాటులో ఉందా, అసలు ఆ బిడ్డ బాధేమిటి అని అడగాలి. తర్వాత సాయం చేయాలి. 2007లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో జరిగిన కాల్పుల్లో 32 మంది హతులయ్యాక, ఆ రాష్ట్రం ముందు కాలేజీల్లో, 2013లో బడుల్లోనూ బెదిరింపులను ఇలా అంచనా వేసే బృందాలను తప్పనిసరి చేసింది. అక్కడ స్థిరపడిన మన తెలుగు తల్లిదండ్రులు తమ పిల్లల బడి బృందంలో ఎవరెవరున్నారో అడిగి తెలుసుకోవాలి. ముందే బయటపడి ఆగిపోయిన 67 బడి దాడుల కుట్రలను సీక్రెట్ సర్వీసు 2021లో పరిశీలించింది. చాలావాటిని బయటపెట్టింది పిల్లలే.

అదే ఏడాది నవంబరు 30న మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో, ఒక అబ్బాయి గీసిన తుపాకీ బొమ్మనూ, సాయం కోరిన రాతనూ టీచరు చూసింది. తల్లిదండ్రుల్ని పిలిపించారు. నాలుగు రోజుల కిందటే అతనికి తుపాకీ కొనిచ్చామని వాళ్లు చెప్పలేదు. సంచి ఎవరూ తెరవలేదు. అబ్బాయిని తిరిగి క్లాసుకు పంపారు. మధ్యాహ్నం అతను జరిపిన కాల్పులకు నలుగురు పిల్లలు బలయ్యారు. 2024లో ఆ తల్లినీ తండ్రినీ వేర్వేరు జ్యూరీలు దోషులుగా తేల్చాయి.